దిమ్మె మీద తేదీ చూశారా?

మా ఊరి సెంటర్లో ఒక గాంధీ బొమ్మ ఉంది. "గాంధీ బొమ్మ దగ్గర దిగు", "గాంధీ బొమ్మ దాటాక ఎడమకి తిరుగు" అంటూ చిన్నప్పటి నుంచీ దాన్ని బస్టాపులాగా వాడుకున్నామే గానీ తలెత్తి చూసిన పాపాన పోలేదు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు బస్సు లేటయి, అరగంట దాని పక్కనే నిలబడాల్సి వచ్చి, మొదటిసారి శిలాఫలకం చదివాను. ఆవిష్కరించిన మంత్రిగారి పేరు అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో, ఆ కింద సభాధ్యక్షులు, ముఖ్య అతిథులు, దాతలు, కమిటీ సభ్యులు, మొత్తం పదిహేడు పేర్లు లెక్కపెట్టాను. గాంధీ గురించి ఒక్క ముక్క లేదు. పోనీ, ఆయనెవరో అందరికీ తెలుసు కదా అనుకుందాం. అసలు కావాల్సింది తేదీ, అది ఉన్నచోట మాత్రం ఏటేటా అక్టోబరు రెండుకి వేసిన రంగులు పొరలు పొరలుగా పేరుకుపోయి అంకెలు పూడిపోయాయి.

తేదీ మీద నాకెందుకింత పట్టుదల అంటే, విగ్రహం ఎవరిది అన్నదాని కన్నా ఎప్పుడు పెట్టారు అన్నది తెలిస్తేనే ఎక్కువ కథ బయటపడుతుంది. శ్రీకృష్ణదేవరాయలు పోయి దాదాపు అయిదొందల ఏళ్ళు అవుతోంది, ఆయనకి ఇప్పుడు విగ్రహం పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. మరి ఫలానా ఏడాదిలో, ఫలానా కూడలిలో, ఎవరో పూనుకుని, చందాలు వేసుకుని, ఆయన్నే ఎందుకు నిలబెట్టారు? ఈ చిక్కుముడి విప్పడానికి హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ చుట్టూ ఒక్క చుట్టు తిరిగితే చాలు. నేను ఈ ఊరొచ్చి చాలా ఏళ్ళయింది, ఆదివారం పొద్దున్నే నడకకి వెళ్ళేది అక్కడికే, కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో తవ్విన చెరువు అది. హైదరాబాద్‌నీ సికింద్రాబాద్‌నీ కలిపే ఆ చెరువు గట్టే ట్యాంక్‌బండ్. 1980ల నడిమిలో, ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగా, ఆ గట్టు మీద వరసగా కంచు విగ్రహాలు పెట్టించారు. మొదట పెట్టినవి 33. (ఇప్పుడు తెలంగాణ జిల్లాలు కూడా 33 కావడం ఉత్త యాదృచ్ఛికమే, మధ్యలో చాలా కథ నడిచింది.) నన్నయ, తిక్కన, ఎర్రన, పోతన, మొల్ల, వేమన, అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్య, రుద్రమదేవి, పల్నాటి బ్రహ్మనాయుడు, వీరబ్రహ్మంగారు, కందుకూరి, గురజాడ, అల్లూరి, పింగళి వెంకయ్య, జాషువా, శ్రీశ్రీ, మఖ్దూం మొహియుద్దీన్, సురవరం ప్రతాపరెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్... ఇలా సాగుతుంది వరస. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దొర ఉన్నాడు, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఉన్నాడు. నాకు బాగా నచ్చే విషయం ఏంటంటే, భద్రాద్రి గుడి కట్టించి జైలుపాలైన రామదాసూ అక్కడే ఉన్నాడు, ఆయన్ని గోల్కొండ కోటలో ఖైదు చేయించిన తానీషా కూడా అదే గట్టు మీద ఉన్నాడు. జైల్లో పెట్టినవాణ్ణీ పడినవాణ్ణీ పక్కపక్కన నిలబెట్టి ఇద్దరికీ దండలు వేయడం మనకే చెల్లింది.

ఆ జాబితా ఎవరో తోచినట్టు రాసుకున్నది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడి అప్పటికి ముప్ఫై ఏళ్ళే, మధ్యలో 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం, రెండూ రాష్ట్రాన్ని చీల్చేదాకా వచ్చి ఆగాయి. ఆ తర్వాత "తెలుగువారి ఆత్మగౌరవం" అన్న నినాదంతో 1983లో గెలిచిన ప్రభుత్వం, మనమంతా ఒక్కటే అని చెప్పడానికి రాజధాని నడిబొడ్డున ఒక గట్టుని పుస్తకంలా వాడుకుంది. నన్నయ దగ్గర్నుంచి శ్రీశ్రీ దాకా చూసుకుంటూ పోతే తెలుగు వాచకం విషయసూచిక చదివినట్టే ఉంటుంది. ఆ వాచకం ఎవరు రాశారు, ఎవరి పాఠాలు ఎక్కువున్నాయి, ఎవరివి తక్కువున్నాయి అన్న లెక్క తెలంగాణవాళ్ళు అప్పుడే వేసుకున్నారు గానీ, గట్టిగా అడగడానికి పాతికేళ్ళు పట్టింది.

2011 మార్చి 10న ప్రత్యేక తెలంగాణ కోసం మిలియన్ మార్చ్ జరిగినప్పుడు ఆ గట్టు మీది విగ్రహాలు చాలా కూలిపోయాయి, కొన్ని చెరువులోకి పోయాయి. శ్రీశ్రీ, జాషువా విగ్రహాలకూ దెబ్బ తగిలింది. టీవీలో అది చూసి మా నాన్న "కవులేం చేశార్రా వీళ్ళని" అని బాధపడటం నాకు బాగా గుర్తు. ఆ బాధ నిజం. అటువైపు కోపం కూడా నిజమే, పైగా ఆ కోపం కవుల మీద కాదు, ఆ జాబితా మీద. అంత తేడా తెలిసి కొట్టాలా అంటే గుంపు చేతిలో గునపం ఉన్నప్పుడు అంత వివరంగా ఎవరూ ఆలోచించరు. అంటరానితనం అనుభవించి దాన్నే కవిత్వం చేసిన జాషువా విగ్రహం మీద కూడా చెయ్యి పడటం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తర్వాత విగ్రహాలు మళ్ళీ నిలబెట్టారు. కొమురం భీం కూడా ఆ గట్టు మీదకి వచ్చాడు. ఇప్పుడు ట్యాంక్‌బండ్ మీద ఫొటోలు దిగేవాళ్ళలో చాలామందికి ఇవి ఒకసారి పడిపోయి లేచినవని తెలియదు, తెలియాల్సిన ఫలకం కూడా ఎక్కడా కనబడదు.

అక్కణ్ణుంచి ఇంకాస్త ముందుకి, అసెంబ్లీ ఎదురుగా గన్‌పార్కుకి రండి. అక్కడి అమరవీరుల స్తూపం, నన్నడిగితే, ఈ నగరంలో అన్నిటికన్నా బుర్రపెట్టి చేసిన కట్టడం. 1969 ఉద్యమంలో పోలీసు కాల్పుల్లో పోయినవాళ్ళ గుర్తుగా 1970లో దానికి శంకుస్థాపన చేశారు, చెక్కింది శిల్పి ఎక్కా యాదగిరిరావు. పోయినవాళ్ళు 369 మంది అని ఉద్యమకారులు చెబుతారు. ఇందులో ఎవరి బొమ్మా లేదు. కింద నల్లరాతి పీఠం, దానికి నాలుగు వైపులా బుల్లెట్లు దిగినట్టుండే గుర్తులు, ఒక్కో వైపు తొమ్మిదేసి. పైన ఎర్రరాతి స్తంభం, దాని మీద తొమ్మిది గీతలు. చిట్టచివర తెల్లరాతి పువ్వు, దానికీ తొమ్మిదే రేకులు. ఈ తొమ్మిదేంటి అంటే, అప్పటి తెలంగాణ జిల్లాలు తొమ్మిది. రంగారెడ్డి జిల్లాని విడదీసింది 1978లో, ఆ తర్వాతే పది అయ్యాయి. కాబట్టి ఫలకం చెరిగిపోయినా, కాగితాలన్నీ కాలిపోయినా, ఆ రేకులు లెక్కపెట్టి ఇది 1978 కన్నా ముందుదని చెప్పొచ్చు. తేదీని రాతిలోనే దాచిపెట్టాడన్నమాట శిల్పి, తెలిసో తెలియకో.

దీని పక్కన 2023 జూన్‌లో సచివాలయం ఎదుట, లుంబినీ పార్కు దగ్గర ప్రారంభమైన కొత్త అమరవీరుల స్మారకం పెట్టి చూడండి. మెరిసే స్టెయిన్‌లెస్ స్టీల్‌తో పెద్ద ప్రమిద, పైన వత్తి వెలుగుతున్నట్టు జ్యోతి. అద్దంలా తళతళలాడుతుంది, ఎదురుగా వెళ్ళే కార్లు దాని పొట్టలో వంకరగా కనబడతాయి. గన్‌పార్కు స్తూపం కట్టినవాళ్ళకి ప్రభుత్వం ఎదురుగా ఉంది, దీన్ని కట్టింది ప్రభుత్వమే. అక్కడ తూటా రంధ్రం, ఇక్కడ వెలుగు. రెండూ ఒకే అమరుల కోసమే. అయినా జూన్ రెండున నాయకులు ముందు వెళ్ళి దండం పెట్టేది ఏ పార్టీవాళ్ళయినా గన్‌పార్కుకే. పాత బలం పాతదే.

ఇక చెరువు మధ్యలో బుద్ధుడు. ఏకశిల, 18 మీటర్ల ఎత్తు, మూడొందల టన్నులకు పైనే బరువు. రాయగిరి దగ్గర కొండరాయిలో గణపతి స్థపతి ఆధ్వర్యంలో చెక్కారు. అమెరికాలో స్వేచ్ఛా దేవత విగ్రహం చూసొచ్చాక మనకీ అలాంటిది ఒకటి ఉండాలని ఎన్టీఆర్ అనుకున్నారని చెబుతారు, మనదైన మనిషి ఎవరా అని వెతికి బుద్ధుణ్ణి ఎంచుకున్నారు. నాగార్జునకొండ, అమరావతి ఉన్న నేలకి అది అతికినట్టే ఉంది. కానీ విగ్రహాన్ని చెరువులో నిలబెట్టేలోపే ఆయన దిగిపోయారు. 1990 మార్చిలో, చెన్నారెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, బల్లకట్టు మీద చెరువులోకి తీసుకెళ్తుంటే అది ఒరిగి బుద్ధుడు నీళ్ళలో పడిపోయాడు. పనివాళ్ళు కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండేళ్ళకు పైగా అడుగునే పడుకున్న విగ్రహాన్ని తీసి, 1992 డిసెంబర్ 1న జిబ్రాల్టర్ రాక్ అనే ఆ బండ మీద నిలబెట్టారు, అప్పటికి కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రి. ఒకరు మొదలుపెట్టారు, మరొకరి హయాంలో మునిగింది, మూడో ఆయన హయాంలో లేచింది. లుంబినీ పార్కు నుంచి బోటెక్కి వెళ్తే, పోయిన ఆ పనివాళ్ళ ఊసు నాకెక్కడా వినబడలేదు. బుద్ధుడు ఉన్నచోట ఆ ఒక్క మాటా ఉండాల్సింది.

గట్టు మీద అందరినీ నిలబెట్టిన ఎన్టీఆర్ ఇప్పుడు అదే చెరువుకి ఇంకో ఒడ్డున ఎన్టీఆర్ ఘాట్‌లో ఉన్నారు. ఆయన పోయింది 1996 జనవరి 18. ఈ తేదీ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆ దగ్గర్లోనే 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్. 50 అడుగుల పీఠం పార్లమెంటు ఆకారంలో ఉంటుంది. గుజరాత్‌లో పటేల్ విగ్రహం రూపొందించిన రామ్ సుతార్, ఆయన కొడుకు అనిల్ సుతార్ దీని శిల్పులు. తొమ్మిది నెలలకి, 2024 జనవరిలో, విజయవాడ స్వరాజ్ మైదానంలో ఇంకో 125 అడుగుల అంబేడ్కర్ లేచారు, అక్కడ పీఠం 81 అడుగులు. అంటే విగ్రహం రెండుచోట్లా ఒకటే ఎత్తు, పోటీ అంతా దిమ్మె దగ్గరే! రెండు రాష్ట్రాల్లోనూ తేదీకి అటూ ఇటూ ఎన్నికలు ఎప్పుడొచ్చాయో చూసుకోండి, నేను విడిగా చెప్పక్కర్లేదు.

కానీ అంబేడ్కర్ విషయంలో ఈ పెద్ద విగ్రహాలతో ఆగిపోతే అసలు సంగతి వదిలేసినట్టే. నీలం కోటు, ఎడమ చేతిలో పుస్తకం, పైకెత్తిన కుడి చేతి చూపుడు వేలు, ఇది మన పల్లెల్లో దాదాపు ప్రతి ఊళ్ళో కనబడే బొమ్మ. ఆ వేలెత్తిన రూపం 1967లో పార్లమెంటు ఆవరణలో పెట్టిన విగ్రహంతో పేరుపడింది. దాన్ని ఆవిష్కరించింది అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్, మన ట్యాంక్‌బండ్ వరసలో మనిషే. ఊళ్ళల్లో ఈ విగ్రహాలకి ప్రభుత్వం డబ్బులివ్వలేదు. వాడలో కుర్రాళ్ళు, ఉద్యోగాలొచ్చినవాళ్ళు, కూలీనాలీ చేసేవాళ్ళు తలా కాస్త వేసుకుని పెట్టుకున్నారు. అందుకే అక్కడ చూడాల్సింది ఎత్తు కాదు, చోటు. విగ్రహం వాడలోపల ఉందా, ఊరి మధ్య సెంటర్లో ఉందా? వాడలో ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. అదే బొమ్మని మెయిన్ రోడ్డు మీదకి తెస్తామన్న రోజు ఊరంతా టెన్షన్, పోలీసు పికెట్, తహసీల్దారు ఆఫీసులో రాజీ చర్చలు. ఒక్క పాతిక గజాలు ముందుకి జరగడానికి కొన్నిచోట్ల ఏళ్ళు పట్టింది. మీ మండలంలో విగ్రహం రోడ్డెక్కిన ఏడాది ఏదో పెద్దవాళ్ళని అడగండి, దాంతోపాటు వచ్చే కథ ఏ చరిత్ర పుస్తకంలోనూ ఉండదు.

చోటు గొడవ పెద్దవాళ్ళకీ ఉంది లెండి. 2024 సెప్టెంబర్‌లో తెలంగాణ సచివాలయం ఎదుట రాజీవ్ గాంధీ విగ్రహం పెట్టినప్పుడు, అది తెలంగాణ తల్లి కోసం అనుకున్న చోటు అని ప్రతిపక్షం గొడవ చేసింది. డిసెంబర్ 9న సచివాలయం లోపల ప్రభుత్వం కొత్త తెలంగాణ తల్లిని ఆవిష్కరించింది. ఉద్యమకాలంలో ఊరూరా పెట్టుకున్న తల్లికి కిరీటం ఉంటుంది, చేతిలో బతుకమ్మ ఉంటుంది. కొత్త తల్లికి కిరీటం లేదు, ఆకుపచ్చ చీర, ఎడమ చేతిలో వరి, జొన్న, సజ్జ, మొక్కజొన్న కంకులు, కుడి చేత్తో అభయం. దేవతలా ఉండాలా, మన ఇంట్లో అమ్మలా ఉండాలా అన్నది వాదన. నాకు రెండూ బాగానే ఉన్నాయి, కానీ బతుకమ్మ లేకపోవడం కొందరికి ఎందుకు గుచ్చుకుందో అర్థమవుతుంది. ఆ ఏళ్ళలో బతుకమ్మ ఆడటమే ఒక ఉద్యమ కార్యక్రమం.

అసలు రోడ్డు మీద విగ్రహం పెట్టొచ్చా? 2013 జనవరి 18న, అంటే సరిగ్గా ఎన్టీఆర్ వర్ధంతి రోజున, సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, జనం వాడుకునే ఇతర స్థలాల్లో విగ్రహాలకి గానీ కట్టడాలకి గానీ రాష్ట్ర ప్రభుత్వాలు అనుమతి ఇవ్వకూడదు. వీధి దీపాలు, ట్రాఫిక్ ఏర్పాట్లు, టోల్, రోడ్ల అభివృద్ధి, సుందరీకరణ లాంటివాటికి మినహాయింపు. ఉత్తర్వు స్పష్టంగానే ఉంది. మరి తర్వాత లేచిన ఇన్ని విగ్రహాల మాటేంటి? కొన్ని పార్కుల్లో, ప్రభుత్వ ఆవరణల్లో పెట్టినవి, వాటి దారి వేరు. మిగతావాటి సంగతి మీకూ తెలుసు. ముందు రాత్రికి రాత్రి దిమ్మె లేస్తుంది, ఎవరిదో చెప్పరు. నెలరోజులు దాని మీద కాకులు వాలతాయి. తర్వాత ఒక ఫ్లెక్సీ వస్తుంది. ఆ తర్వాత ఒక తెల్లవారుజామున విగ్రహం, దాని మీద ముసుగు. ఒకసారి నిలబడ్డాక తీయమని చెప్పే ధైర్యం ఏ అధికారికీ ఉండదు, తీస్తే ఒక కులమో పార్టీయో రోడ్డు మీద కూర్చుంటుంది. చట్టం దిమ్మె దగ్గర ఆపగలదు గానీ ముసుగు దగ్గర ఆపలేదు. ఎన్నికల కోడ్ వస్తే మాత్రం నాయకుల విగ్రహాలన్నిటికీ మళ్ళీ ముసుగులు. మా అన్నయ్య కూతురు అలాంటి గుడ్డ చుట్టిన బొమ్మని చూసి "తాతకి చలేస్తోందా" అని అడిగింది.

దగ్గరికెళ్ళి వేలి కణుపుతో ఒకసారి తట్టి చూడండి (దండ వేసేవాళ్ళ నిచ్చెన ఉంటే ఇంకా మంచిది). కంచుదైతే ఖంగుమంటుంది, సిమెంటుదైతే మొద్దుగా ఉంటుంది, ఫైబర్‌దైతే ప్లాస్టిక్ బకెట్‌ని కొట్టినట్టు డొల్ల చప్పుడు. కంచు విగ్రహం ఖరీదంతా రాగిలో, శ్రమలో ఉంటుంది. ముందు మట్టితో నమూనా చేస్తారు, ఇంటివాళ్ళో కమిటీవాళ్ళో వచ్చి "ముక్కు ఇలా ఉండదండీ" అనేది ఆ దశలోనే. దాని మీద అచ్చు తీసి, అచ్చులో మైనం పోసి, ఆ మైనం బొమ్మ చుట్టూ మట్టి పూసి కాల్చి, మైనం కరిగి కారిపోయిన ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. పెద్ద విగ్రహాన్ని ముక్కలుగా పోతపోసి వెల్డింగ్ చేసి, అతుకులు నున్నగా అరగదీస్తారు. ఎండ ఏటవాలుగా పడినప్పుడు భుజాల దగ్గర, నడుం దగ్గర ఆ అతుకుల గీతలు లీలగా కనబడతాయి, వెతకండి. తెనాలి, కోనసీమలో కొత్తపేట ఈ పనికి పేరుపడ్డ ఊళ్ళు. కంచుకి డబ్బు చాలని ఊళ్ళు సిమెంటుతో సరిపెట్టుకుని ఏటా జయంతికి బంగారు రంగో వెండి రంగో కొట్టిస్తాయి. పూత పూతకీ కళ్ళజోడు మందం పెరుగుతుంది, వేళ్ళు అతుక్కుపోతాయి, పదేళ్ళకి ఏ నాయకుడైనా ఒకేలా కనబడతాడు.

విగ్రహాలే స్మారకాలని మాత్రం అనుకోకండి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో దాదాపు 150 మంది దాని కొమ్మలు పట్టుకుని బతికారు. నగరంలో అంతకన్నా నిజాయితీ ఉన్న స్మారకం నాకు తెలియదు. మూసారాంబాగ్ అనే పేరే ఒక స్మారకం, నిజాం కొలువులో పనిచేసి 1798లో పోయిన ఫ్రెంచి సేనాని రేమండ్ జనం నోట్లో మూసా రామ్ అయిపోయాడు, ఆయన సమాధి ఆ దగ్గర్లోనే ఉంది. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20 కాల్పుల్లో పోయిన గోండుల స్తూపం ఉంది. దాన్ని ఒకసారి కూల్చేస్తే మళ్ళీ కట్టారు, ఏళ్ళ తరబడి ఆ రోజున అక్కడికి జనాన్ని పోనివ్వలేదు. రాతి స్తంభానికి అంత భయపడ్డారంటే దాని బలం అర్థం చేసుకోవచ్చు.

ఇంకా వెనక్కి వెళ్తే వీరగల్లులు. ఊరి పొలిమేరలోనో చెరువు కట్ట మీదో కత్తి పట్టిన మనిషి చెక్కిన రాయి కనబడితే, ఆవుల మంద కోసమో ఊరి కోసమో పోరాడి పోయినవాడిది అయ్యుంటుంది. చాలాచోట్ల దానికి పసుపు కుంకుమ పూసి పోతురాజు అనో పేరంటాలు అనో మొక్కుతుంటారు. పల్నాడులో నాగులేటి ఒడ్డున కారెంపూడి వెళ్తే, పల్నాటి యుద్ధంలో పోయిన వీరుల పేరున నిలిపిన రాళ్ళకి ఇప్పటికీ కార్తీక అమావాస్యకి ఉత్సవం జరుగుతుంది. ట్యాంక్‌బండ్ మీద బ్రహ్మనాయుడికి కంచు విగ్రహం ఉంది, ఎవరూ దణ్ణం పెట్టరు. కారెంపూడిలో ముఖం కూడా సరిగా లేని రాయి ఉంది, దాని ముందు పూనకాలొస్తాయి.

మా గాంధీ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను, కనుమ రోజు పొద్దున్నే, ఒక చెంబు నీళ్ళు, కొబ్బరి పీచు పట్టుకుని. సెంటర్లో టీ కొట్టు ఆయన "ఏంటి బాబూ, మొక్కా?" అన్నాడు. ఎంత రుద్దినా తేదీ దగ్గర రంగు వదల్లేదు. కానీ దిమ్మె వెనకవైపు, అంటే ఎవరూ చూడని వైపు, గాంధీగారి మడమల కింద సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు మేకుతో గీసిన అక్షరాలు బయటపడ్డాయి. శిల్పి ఇంటిపేరు, పక్కన "తెనాలి", దాని కింద ఒక ఫోన్ నెంబరు. నెంబరుకి అంకెలు అయిదే ఉన్నాయి.